వెలివాడ దాకా రాని మనోవైద్యం

రెండేళ్ల కిందటి వేసవి. రాత్రి పదకొండు గంటల వేళ నా ఫోన్ మోగింది. చేసినవాడు నా దగ్గర డిగ్రీ చదివిన కుర్రాడు. "సార్, మా రూమ్మేటు మూడ్రోజుల సంది అన్నం తింటలేడు, పండుకుంటలేడు. ఇందాక ఒక్కొక్కరికి ఫోన్ చేసి ఇగ ఉంటనని చెప్తున్నడు. నాకు భయమైతుంది సార్" అన్నాడు. ఆ రూమ్మేటు కూడా నా విద్యార్థే. సాంఘిక సంక్షేమ వసతి గృహంలో ఉండి డిగ్రీ పూర్తి చేశాడు. తర్వాత ఒక ప్రైవేటు కళాశాలలో ఎంబీఏ చదివాడు. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయి రాలేదన్న కారణంతో కళాశాలవారు అతని సర్టిఫికెట్లు ఆపేశారు. ఆ కాగితాలు చూపలేక, చేతికి వచ్చిన ఉద్యోగం పోయింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఉద్యోగంలో చేరాననే చెప్పాడు.

నేను గదికి చేరేసరికి నలుగురు స్నేహితులు అతని చుట్టూ కూర్చుని ఉన్నారు. అంబులెన్స్ కోసం ఫోన్ చేశాం. ప్రమాదమా, గుండెనొప్పా, మూర్ఛా అని అడిగారు. అతని ఒంటి మీద గాయం లేదు, కానీ ప్రాణానికి ముప్పుందని అర్థమయ్యేట్టు చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఎట్టకేలకు బండి వచ్చింది. సమీపంలోని ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు బీపీ చూసి, నాడి చూసి, "ఒంట్లో ఏమీ లేదు" అన్నారు. మానసిక వైద్యులు వారానికి ఒక్కరోజే వస్తారట. ఆ రోజు రావడానికి ఇంకా నాలుగు రోజులుంది. ఔట్‌పోస్టు కానిస్టేబుల్ వచ్చి కుర్రాళ్లను పక్కకు పిలిచాడు. ఏ ఊరు? ఏ హాస్టల్లో చదివాడు? ఎస్సీ హాస్టలా? గంజాయి అలవాటుందా? ప్రశ్నలు ఆ వరుసలోనే వచ్చాయి. మూడో ప్రశ్నకు జవాబు వినగానే నాలుగో ప్రశ్న దానంతట అదే వచ్చింది.

'పై ఆసుపత్రికి తీసుకెళ్లండి' అని చీటీ రాసిచ్చారు. ఎలా తీసుకెళ్లాలో అందులో లేదు. కుర్రాళ్లు ఫోన్లలో ఉన్న చిల్లర డబ్బంతా పోగేసి కారు మాట్లాడారు. వందకు పైగా కిలోమీటర్లు ప్రయాణించి తెల్లవారుజామున నగరం చేరితే, ఓపీ తొమ్మిదింటికి తెరుస్తారని చెప్పారు. అప్పటివరకు ఆసుపత్రి మెట్ల మీద అతణ్ని మధ్యలో కూర్చోబెట్టుకుని ఆ నలుగురూ కాపలా ఉన్నారు. ఉదయం మొదటి బస్సుకు తల్లి వచ్చింది. నా చేతులు పట్టుకుని ఆమె అన్న మొదటి మాట ఇది: "సారూ, మావోడు పిచ్చోడు కాడు. ఎర్రగడ్డకు మాత్రం తీస్కపోకుండ్రి."

ఆ కుర్రాడు బతికాడు. ఇప్పుడు పని చేసుకుంటున్నాడు. అతణ్ని గుర్తుపట్టే వివరాలు ఇక్కడ ఇవ్వలేదు. అతని అనుమతితోనే ఇది రాస్తున్నాను. కానీ ఆ రాత్రి అతణ్ని కాపాడింది వ్యవస్థ కాదు, నిద్రపోని నలుగురు స్నేహితులు. స్నేహితులు లేనివాడి సంగతేమిటన్న ప్రశ్న నన్ను అప్పటినుంచి వదలడం లేదు.

చట్టం ఏమంటోంది?

ఆ తర్వాత నేను చట్టం చదివాను. ముందే చదివి ఉండవలసింది. పార్లమెంటు 2017లో ఆమోదించిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 నుంచి అమలులో ఉంది. దాని 18వ సెక్షన్ ప్రతి వ్యక్తికీ ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే సంస్థల్లో మానసిక చికిత్స పొందే హక్కునిచ్చింది. ఆ చికిత్సలో వివక్ష చూపరాదంటూ పేర్కొన్న కారణాల్లో లింగం, మతం, వర్గంతో పాటు కులం కూడా ఉంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, కార్డు చేతిలో ఉన్నా లేకున్నా, ప్రభుత్వ సంస్థల్లో చికిత్స పూర్తిగా ఉచితమని అదే సెక్షన్ చెబుతోంది.

అంతకంటే ముఖ్యమైనది 94వ సెక్షన్. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, లేదా వ్యక్తి తనకుగాని ఇతరులకుగాని తీవ్ర హాని చేసుకునే స్థితిలో ఉన్నప్పుడు, రిజిస్టర్ అయిన ఏ వైద్యుడైనా అత్యవసర చికిత్స చేయవచ్చు. ఆ వైద్యుడు మానసిక నిపుణుడే కానక్కరలేదు. ఆసుపత్రిలోనే కాదు, ఇంటి దగ్గరైనా ఆ చికిత్స ఇవ్వవచ్చు. 72 గంటల గడువు వరకు ఆ అధికారం ఉంటుంది. రోగిని దగ్గరలోని మానసిక చికిత్సాలయానికి చేర్చడం కూడా అత్యవసర చికిత్సలో భాగమేనని చట్టం స్పష్టంగా రాసింది. అంటే, 'మానసిక వైద్యుడు లేడు' అన్న మాటతో ఆ రాత్రి క్యాజువాలిటీ బాధ్యత తీరిపోదు. చీటీతో పాటు బండి కూడా ఏర్పాటు చేయవలసి ఉంది. ఆ డాక్టరును నేను నిందించడం లేదు. ఆయనకు ఈ సెక్షన్ గురించి ఎవరైనా చెప్పి ఉంటారని నేననుకోను. అప్పటికే ఒంటరిగా ముప్ఫై నలభై మందిని చూస్తున్న మనిషి ఆయన.

100వ సెక్షన్ పోలీసుల విధులను చెబుతుంది. మానసిక అస్వస్థతతో తన బాగోగులు తాను చూసుకోలేని స్థితిలో కనిపించిన వ్యక్తిని రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్పులోగాని జైల్లోగాని ఉంచకూడదు. 115వ సెక్షన్ ప్రకారం, ప్రాణం తీసుకోవడానికి ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలి, శిక్షించకూడదు. అతనికి చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత పాత 309వ సెక్షన్‌ను వదిలేసింది. అయినా క్యాజువాలిటీలో 'పోలీసు కేసవుతుంది' అన్న బెదిరింపు నేటికీ వినిపిస్తూనే ఉంది. ఆ భయంతో ఎన్ని కుటుంబాలు ఆసుపత్రి గడప దాకా వచ్చి వెనుదిరుగుతున్నాయో లెక్కగట్టినవారు లేరు.

పైగా కొత్త సంహితలో 226వ సెక్షన్ ఉంది. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణలో ఒత్తిడి చేయడానికో అడ్డుకోవడానికో ఆత్మహత్యకు ప్రయత్నిస్తే ఏడాది దాకా శిక్ష పడవచ్చు. పట్టా భూమి పోయి, సోమవారం సోమవారం ప్రజావాణికి అర్జీలు పట్టుకుని తిరిగి, చివరికి కలెక్టరేట్ ముందే ప్రాణం తీసుకోబోయినవాడు చికిత్స పొందవలసినవాడా, ముద్దాయా? అసైన్డ్ భూమి ఎవరి చేతుల్లో ఉందో, అది ఎవరి చేతుల్లోకి పోతోందో తెలిసినవారికి ఈ సెక్షన్ ఎవరి మీద పడుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మనోవ్యాధికి కులమేమిటి?

ఈ ప్రశ్న నన్ను చాలామంది మిత్రులు అడిగారు. డిప్రెషన్ కులం చూసి వస్తుందా అన్నారు. వ్యాధి రావడం ఒక విషయం, వైద్యం అందడం మరో విషయం. మొదటిదానికి కులం లేదని కాసేపు ఒప్పుకుందాం. రెండోదానికి మాత్రం ప్రతి మెట్టు మీదా కులం కాపలా కూర్చుని ఉంది.

మొదటి మెట్టు లెక్క. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ఆత్మహత్యల నివేదిక ప్రచురిస్తుంది. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని, వారిలో 13,044 మంది విద్యార్థులని అది చెప్పింది. చనిపోయినవారిలో నాలుగో వంతు కంటే ఎక్కువమంది దినసరి కూలీలు. దాదాపు 64 శాతం మంది వార్షికాదాయం లక్ష రూపాయల లోపే. వయసు, లింగం, చదువు, వృత్తి, ఆదాయం, పెళ్లి, అన్నిటి పట్టికలూ ఆ నివేదికలో ఉన్నాయి. కులం పట్టిక మాత్రం లేదు. ఉన్నత విద్యాసంస్థల విషయంలో పార్లమెంటులో ప్రశ్న వేస్తే తప్ప జవాబు రాలేదు. 2014 నుంచి 2021 వరకు కేంద్ర విద్యాసంస్థల్లో 122 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని, వారిలో 24 మంది ఎస్సీలు, ముగ్గురు ఎస్టీలు, 41 మంది ఓబీసీలని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులో లోక్‌సభకు తెలిపింది. సగానికి మించి ఈ మూడు వర్గాలవారే. నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే వివిధ మానసిక వ్యాధుల్లో చికిత్స అందనివారు 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారని తేల్చింది. ఆ పన్నెండింటిలో తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. లెక్కలోకి రానివారికి బడ్జెట్ రాదు, బడ్జెట్ రానిచోటికి డాక్టరు రాడు.

రెండో మెట్టు గుర్తింపు. పెద్దింటి కుర్రాడు మూడు రోజులు గది తలుపు వేసుకుంటే 'ఒత్తిడిలో ఉన్నాడు' అంటారు. వాడలో కుర్రాడు అదే పని చేస్తే తాగాడంటారు, గంజాయి అంటారు, పొగరంటారు. ఆడపిల్లయితే ఎవరితోనో ప్రేమ వ్యవహారమంటారు. బాధను బాధగా గుర్తించకముందే నేరంగా గుర్తించడం మా జీవితాల్లో కొత్తేమీ కాదు. కానీ అత్యవసర స్థితిలో ఈ గుర్తింపు తేడాకు ప్రాణమే మూల్యం. కానిస్టేబుల్ అడిగిన నాలుగు ప్రశ్నల వరుసలో నేను చూసింది దాన్నే.

మూడో మెట్టు దూరం. ప్రతి ఊళ్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఏ వైపు కట్టారో, మా వాడ ఏ వైపు ఉందో చూడండి. రాత్రిపూట బస్సు ఉండదు. ఆడవాళ్లకు టికెట్ ఉచితమే గాని, అసలు బస్సే లేని వేళ ఆ ఉచితం ఎందుకూ అక్కరకు రాదు. దేశంలో మానసిక వైద్యులు లక్ష జనాభాకు ఒక్కరైనా లేరు. ఉన్నవారిలో అత్యధికులు నగరాల్లో, ప్రైవేటు ఆసుపత్రుల్లో ఉన్నారు. ఒకసారి చూపించుకోవాలంటే కూలి పోతుంది, తోడు వచ్చినవారి కూలీ పోతుంది, చార్జీలు, తిండి, మందులు. ఇది ఒక్కసారితో అయ్యే వైద్యం కాదు. నెలనెలా వెళ్లాలి. మూడో నెలకు మందులు ఆగిపోతే 'నిర్లక్ష్యం' అని కేసు షీటులో రాస్తారు. దానికి కారణం పోయిన కూలి అని ఎవరూ రాయరు.

భూతవైద్యుడి దగ్గరికి వెళ్లే మా తల్లులను మూఢులని వెక్కిరించేవారికి ఒక మాట. అతను అర్ధరాత్రి పిలిచినా వస్తాడు. గుమ్మం లోపలికి వస్తాడు. రోగిని తాకుతాడు. తల్లి చెప్పేదంతా వింటాడు. డబ్బు పంట చేతికొచ్చాక ఇవ్వమంటాడు. ఈ ఐదింటిలో మన ప్రభుత్వ వ్యవస్థ ఎన్ని చేస్తోంది? అతని పద్ధతిని నేను సమర్థించడం లేదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాను నమ్ముకుని వచ్చిన రోగులను గొలుసులతో కట్టేసిన ఆశ్రమంలో మంటలు చెలరేగి 28 మంది కదలలేక కాలిపోయారు. ఆ గొలుసులను ఇప్పుడు చట్టం పూర్తిగా నిషేధించింది. కానీ వైద్యం లేనిచోట నమ్మకమే వైద్యమవుతుంది. నిందించవలసింది నమ్మినవారిని కాదు, వారికి మరో దారి చూపనివారిని.

కౌన్సెలింగ్ అన్న మాట

మా విద్యార్థులకు కౌన్సెలింగ్ అంటే సీట్ల కేటాయింపు. మనసులో బాధ చెప్పుకునే చోటు అన్న అర్థం వారికి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. తెలిశాక అక్కడ ఎదురయ్యే అనుభవం మరో అడ్డంకి. నాకు తెలిసిన ఒక పరిశోధక విద్యార్థిని తన విశ్వవిద్యాలయంలో కౌన్సెలర్ దగ్గరకు వెళ్లింది. తన గైడు తనతో మాట్లాడడని, ప్రయోగశాలలో తాను ముట్టుకున్న వస్తువులను మిగతావారు తుడుచుకుని వాడతారని చెప్పింది. "నువ్వు ప్రతిదాన్నీ కులం కళ్లతో చూస్తున్నావు, సానుకూలంగా ఆలోచించు" అన్న సలహా వచ్చింది. ఆమె మళ్లీ వెళ్లలేదు. కాలు విరిగినవాడితో 'నొప్పి గురించి ఆలోచించకు' అనే ఎముకల డాక్టరు ఉంటాడా? ఉంటే అతని దగ్గరికి ఎవరైనా రెండోసారి వెళ్తారా?

అగ్రకుల కౌన్సెలర్లంతా ఇలాగే ఉంటారని నా వాదన కాదు. కులం గాయపరుస్తుందన్న విషయం వారి పాఠ్యపుస్తకంలోనే లేకపోవడం అసలు సమస్య. అంబేడ్కర్ కులాన్ని శ్రేణీకృత అసమానతగా వివరించాడు. పైకి పోయేకొద్దీ గౌరవం, కిందికి దిగేకొద్దీ తృణీకారం. ఆ తృణీకారం మనసు మీద ఏం చేస్తుందో చదవని మనోవైద్యం ఈ దేశానికి సగం వైద్యమే.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ ఒక విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఇచ్చిన తీర్పు ఈ సందర్భంలో ప్రస్తావించదగ్గది. మానసిక ఆరోగ్యం రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ, కోచింగ్ కేంద్రాలతో సహా, 15 మార్గదర్శకాలు జారీ చేసింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. అత్యవసర స్థితిలో ఏ ఆసుపత్రికి, ఎలా పంపాలో లిఖితపూర్వక పద్ధతి ఉండాలి. టెలీ మానస్ నంబరును తరగతి గదుల్లో, హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో ప్రదర్శించాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులతో సహా అణగారిన నేపథ్యాల నుంచి వచ్చినవారితో వివక్ష లేకుండా మెలగేలా సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. ఈ వ్యాసం చదువుతున్న విద్యార్థులు రేపు తమ కాలేజీ నోటీసు బోర్డు చూడండి. ఆ నంబరు ఉందో లేదో మీకే తెలుస్తుంది.

ఇటు సంస్థలు, అటు మనం

కులవివక్షతో ఒక విద్యార్థి చనిపోయిన ప్రతిసారీ సంస్థలు ఒకే మాట చెబుతాయి. అతను మానసికంగా బలహీనుడు, వ్యక్తిగత సమస్యలున్నాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2016 జనవరి 17న రోహిత్ వేముల మరణించాక ఆ మాటే విన్నాం. ఉపకార వేతనం ఆగి, హాస్టల్ నుంచి వెలివేతకు గురై, ఆరుబయట 'వెలివాడ' వేసుకుని కూర్చున్న విద్యార్థుల్లో అతనొకడు. అతని మరణానికి కారణాలు వెతకవలసిన యంత్రాంగం అతని కులం ఏదో తేల్చే పనిలో ఏళ్లు గడిపింది. 2024 మేలో అతను ఎస్సీ కాడంటూ కేసు మూసివేతకు నివేదిక ఇచ్చి, నిరసనలు రావడంతో మళ్లీ దర్యాప్తు చేస్తామంది. 2019 మేలో ముంబైలో పాయల్ తడ్వీ అనే ఆదివాసీ వైద్యురాలు మరణించింది. ఆమె చుట్టూ ఉన్నవారంతా డాక్టర్లే, ఆమె ఉన్నది ఆసుపత్రి ప్రాంగణంలోనే. సీనియర్ల కులవేధింపులే కారణమన్న ఆరోపణపై కేసు నడుస్తోంది. వైద్యం పక్కనే ఉన్నా అందని దూరం ఒకటి ఉంటుందని ఆమె మరణం చెప్పింది. రోహిత్ తల్లి రాధిక, పాయల్ తల్లి ఆబేదా కలిసి 2019లో సుప్రీంకోర్టు మెట్లెక్కారు. ఉన్నత విద్యలో కులవివక్షను అరికట్టే యంత్రాంగం కావాలని అడిగారు.

మానసిక బలహీనత అన్న సాకుతో సంస్థలు తప్పించుకుంటున్నాయి కాబట్టి, మనం 'ఇది ఆత్మహత్య కాదు, వ్యవస్థ చేసిన హత్య' అన్నాం. అది నిజం. నేనూ ఆ నినాదం ఇచ్చిన ఊరేగింపుల్లో నడిచాను. కానీ ఆ నినాదం పక్కన మనం చేయవలసిన మరో పని మిగిలిపోయింది. అది చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

డిప్రెషన్ అన్న మాట పలికితే పోరాటం పలుచబడుతుందని మనం భయపడ్డాం. ఆ భయం వల్ల మన సంఘాల్లో, మన హాస్టళ్లలో 'నాకు బతకాలనిపించడం లేదు' అని చెప్పుకునే చోటు లేకుండా పోయింది. ఉద్యమకారుడికి కన్నీళ్లు తగవన్నట్లు ప్రవర్తించాం. అంబేడ్కర్ వారసులు నిరాశపడకూడదని మందలించాం. బతికుండగా నిద్రపట్టక గదిలో ఒంటరిగా తిరిగినవాడికి ఒక రాత్రి తోడు పడుకోలేదు. చనిపోయాక ఫ్లెక్సీ కట్టాం, వర్ధంతులు జరిపాం. ఈ మాట కఠినంగా ఉందని తెలుసు. ముందుగా దీన్ని నాకే చెప్పుకుంటున్నాను. ఆ కుర్రాడి సర్టిఫికెట్ల విషయమై నేను కలెక్టరుకు అర్జీ రాసి పెట్టాను. అతని ఇంటిపేరు, హాల్‌టికెట్ నంబరు నా డైరీలో ఉన్నాయి. 'నువ్వెలా ఉన్నావు' అని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

న్యాయం, వైద్యం ఒకదానికొకటి పోటీ కాదు. కాలు విరగ్గొట్టినవాడి మీద కేసు పెడతాం, అదే సమయంలో కాలికి కట్టు కూడా కట్టిస్తాం. కేసు తేలేదాకా కట్టు వద్దనం. కట్టు కట్టారు గనక కేసు వద్దని ఎవరైనా అంటే ఒప్పుకోం. మనసుకు తగిలిన దెబ్బ విషయంలోనూ అంతే. కారంచేడు, చుండూరు నుంచి నేటిదాకా ప్రతి దాడి తర్వాత వాడకు కలెక్టరు వచ్చాడు, ఎస్పీ వచ్చాడు, నాయకులు వచ్చారు, కమిషన్ సభ్యులు వచ్చారు. కళ్ల ముందే భర్తనో కొడుకునో పోగొట్టుకున్న స్త్రీల పక్కన నెలల తరబడి కూర్చునే మానసిక వైద్య బృందం వచ్చిన సందర్భం నా ఎరుకలో లేదు. రమ్మని మన డిమాండ్ల పత్రంలో రాసిన సందర్భం కూడా లేదు.

ఏం అడగాలి, ఏం చేయాలి

ప్రభుత్వాన్ని అడగవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. ప్రతి ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీలో రాత్రింబవళ్లు మానసిక అత్యవసర చికిత్స ప్రారంభించే ఏర్పాటు ఉండాలి. అక్కడ నిపుణుడు లేకపోయినా 94వ సెక్షన్ ప్రకారం డ్యూటీ డాక్టరు ఏం చేయాలో శిక్షణ ఇచ్చి, ఆ సూచనలు గోడ మీద తెలుగులో అతికించాలి. పై ఆసుపత్రికి పంపినప్పుడు చీటీతో పాటు అంబులెన్స్ ఇవ్వాలి. నేర రికార్డుల బ్యూరో నివేదికలో సామాజిక వర్గాల పట్టిక చేర్చాలి. సంక్షేమ వసతి గృహాలకు సందర్శక కౌన్సెలర్లను నియమించాలి. ఆ నియామకాల్లో దళిత, ఆదివాసీ, బహుజన నేపథ్యం నుంచి వచ్చిన మనస్తత్వశాస్త్ర పట్టభద్రులకు చోటుండాలి. అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైన ప్రతి గ్రామానికీ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమ సిబ్బంది వెళ్లి తీరాలి. ఫీజు బకాయిలు చెల్లించాలి, బకాయి పేరుతో సర్టిఫికెట్లు ఆపే కళాశాలలపై చర్య తీసుకోవాలి. చివరిది వైద్యశాఖ పరిధిలోది కాదని అనవచ్చు. ఆ రాత్రి మమ్మల్ని ఆసుపత్రికి నడిపించింది అదే.

ప్రభుత్వం కదిలేదాకా ఆగనవసరం లేనివి కూడా కొన్ని ఉన్నాయి. చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం మేజరైన ఎవరైనా తమ తరఫున నిర్ణయాల్లో సాయపడే ప్రతినిధిని ముందుగానే ఎంచుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. స్టాంపు పేపరు, నోటరీ అక్కరలేదు. ఆ ప్రతినిధి రక్తబంధువే కానక్కరలేదు. హాస్టల్ స్నేహితుడు కావచ్చు, టీచరు కావచ్చు. కులాంతర వివాహం చేసుకుని పుట్టింటికి దూరమైన స్త్రీకి, ఊరికి వందల కిలోమీటర్ల దూరంలో చదువుతున్న విద్యార్థికి ఇది చిన్న హక్కు కాదు. టెలీ మానస్ 14416 నంబరు 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. పగలూ రాత్రీ, ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడవచ్చు. మొదటిసారి సరిగా మాట్లాడనివారు తగిలితే మళ్లీ చేయండి. మన ప్రతి విద్యార్థి సంఘం తమ సభ్యుల్లో కొందరికి ఆపదలో ఉన్న మనిషితో ఎలా మాట్లాడాలో, ఎలా వెంట ఉండాలో, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలో నేర్పించాలి. 'చనిపోవాలనిపిస్తోందా' అని సూటిగా అడిగితే ఆ ఆలోచన పుట్టదు. అప్పటికే ఉన్న ఆలోచన బయటికి వస్తుంది. బయటికి వచ్చిన తర్వాత మనిషిని ఒంటరిగా వదలకూడదు.

మన భాషను కూడా సరిచూసుకోవాలి. ఆత్మహత్య అన్న మాటలోనే హత్య ఉంది, బాధితుడినే దోషిని చేసే శబ్దం ఉంది. మరో మాట స్థిరపడేదాకా దీన్నే వాడక తప్పడం లేదు. కానీ 'ఎర్రగడ్డ కేసు' అన్న హాస్యం మానడానికి కొత్త నిఘంటువేమీ అక్కరలేదు. ఆ తల్లి నా చేతులు పట్టుకుని బతిమాలింది ఆసుపత్రికి భయపడి కాదు, ఆ హాస్యానికి భయపడి. ఊళ్లో ఆ మాట పడితే కూతురి పెళ్లి ఆగిపోతుందని ఆమెకు తెలుసు. కులం ఒక మచ్చ వేసింది, దాని మీద ఈ మచ్చ కూడా మోయలేనని ఆమె వేడుకోలు.

ఆ ఉదయం ఆమెకు నేను చెప్పిన సమాధానం సరైనదో కాదో ఇప్పటికీ తెలియదు. "అమ్మా, జ్వరమొస్తే దవాఖానకు పోతం గదా, ఇదీ గంతే" అన్నాను. ఆమె కాసేపు నా ముఖం చూసి, కొడుకు పక్కన మెట్టు మీద కూర్చుంది. తొమ్మిదింటికి తలుపు తెరిచినప్పుడు వరుసలో ముందు నిలబడింది ఆమే. చీటీ రాసే కిటికీ దగ్గర పేరు అడిగారు, చెప్పింది. ఊరు అడిగారు, చెప్పింది. కులం అడగలేదు. బిడ్డకేమైందని అడిగితే మాత్రం ఆమె తడుముకోలేదు. "మనసు బాగలేదు సారూ" అంది.

ఆ మాట రాత్రి పదకొండింటికే, తన ఊళ్లోనే, తన వాడలోనే ఆమె చెప్పగలిగి, వినేవాడు అక్కడికి రాగలిగిన రోజున ఈ చట్టం అమలైనట్లు.